అరువు గొంతుక

మన పల్లెలలో పగటివేషములు కట్టువారు వీథివీథిని తిరుగుచుండిన కాలము చాలమందికి జ్ఞాపకముండును. సోమయాజులు సోమిదేవమ్మల వేషమైనను, వర్తకుని వేషమైనను, ఆ వేషధారి యాడు వీథియరుగుల మీదనే నిజమైన సోమయాజులుగారును, నిజమైన శెట్టిగారును కూర్చుండి చూచుచుండెడివారు. నడకలో నొక లోపము దొరలినను, వెక్కిరింత మితిమీరినను అరుగుమీదనుండి వెంటనే సమాధానము వచ్చెడిది. కడపటి దినమున సంభావనకై చేయి చాపవలసినదియు ఆ గృహస్థులయొద్దనే. అందుచేత వేషగాని నాలుకకు ఎంత పదునున్నను, దానికొక హద్దుండెడిది. వెక్కిరింపబడువాడు ఎదుట లేనప్పుడు, ఉన్నను మరల పలుకుటకు వానికి చోటు లేనప్పుడు, ఆ నవ్వు నవ్వువారిలో నవ్వువారికే మిగిలిపోవును. ఇట్టి నవ్వునుగూర్చి అమెరికాదేశమున నొక వివాదము చెలరేగి, దానిలో మన తెలుగు కుటుంబమునుండి వచ్చిన యొక యువకుడు ముఖ్యపాత్ర వహించెను గనుక, ఆ సంగతిని చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఆ దేశపు టెలివిజనులో పెద్దలకొరకు కదలుబొమ్మల ప్రహసనములు ముప్పదియైదేండ్లకు పైబడి సాగుచున్నవి. పిల్లియు ఎలుకయు తరుముకొను పిల్లల చిత్రములు గావివి. రాజకీయములను, మతమును, సంసారమును, వ్యాపారమును వెక్కిరించు వ్యంగ్యరచనలు. వీనికి దారితీసినది 'ది సింప్సన్స్'. 1989 డిసెంబరు 17వ తేదీన ఫాక్స్ సంస్థ ప్రారంభించిన యీ ధారావాహిక యిప్పటికిని నిలువలేదు. 'సౌత్ పార్క్' 1997లోను, 'ఫ్యామిలీ గై' 1999లోను దీని వెనుక వచ్చినవి. మందమతియు తిండిపోతునగు హోమరు, ఓర్పుగల భార్య మార్జి, తుంటరి కొడుకు బార్టు, తెలివిగల కూతురు లీసా, పాలపీక నోటనుంచుకొను పసిపిల్ల మ్యాగీ—ఈ యింటి కథయే అందలి వస్తువు. వీరి యూరిలో చిల్లర సరుకుల దుకాణము నడపువాడు మనదేశీయుడు. వాని పేరు అపు నహసపీమపెటిలాన్. ఇట్టి యింటిపేరు మన దేశములో వెదకినను దొరకదు. పలుకబోయినవాని నోరు తొట్రుపడి నవ్వు రావలెనని యల్లినది. 1990 ఫిబ్రవరిలో మొదట కనబడిన యీ బొమ్మకు ముప్పది సంవత్సరములు గొంతు నిచ్చినవాడు హాంక్ అజారియా యను శ్వేతజాతీయ నటుడు.

'అపు' అను పేరు ఎక్కడిది? సత్యజిత్ రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి' (1955), 'అపరాజితో' (1956), 'అపుర్ సంసార్' (1959) అను మూడు చిత్రములలోని బాలుడు, యువకుడు అపు. లోకమంతయు తల వంచి చూచిన చిత్రములవి. పేరు అక్కడినుండి తెచ్చికొనిరి. గొంతు మాత్రము వేరొకచోటినుండి తెచ్చిరి. 1968లో వచ్చిన 'ది పార్టీ' యను చిత్రములో పీటర్ సెల్లర్స్ అను ఆంగ్లేయనటుడు ముఖమునకు గోధుమరంగు పూసికొని, హిందూదేశపు నటుడొకడు హాలీవుడ్డు విందులో చేయు తొందరపాటులను ప్రదర్శించెను. ఆ నటనయే తనకు ఆదర్శమైనదని అజారియా స్వయముగా చెప్పియున్నాడు. అనగా ఒక తెల్లవాడు మనవాని పలుకును అనుకరింపగా, ఆ యనుకరణమును మఱియొక తెల్లవాడు అనుకరించెను. మనవాని నోటినుండి వచ్చిన పలుకు ఈ రెండింటిలో నెక్కడను లేదు.

అయినను న్యాయము చెప్పవలెను. ఈ పాత్రను నీచునిగా చిత్రించినారనుట సరికాదు. అపు కంప్యూటరు శాస్త్రమున డాక్టరు పట్టము పొందినవాడు, శాకాహారి, రాత్రింబగళ్లు శ్రమించువాడు, తన చుట్టునున్న పలువురికంటె యోగ్యుడు. 1994లో కాలిఫోర్నియారాష్ట్రమున, అనుమతి లేక వచ్చిన పరదేశీయులకు బడియు ఆసుపత్రియు లేకుండ చేయ నుద్దేశించిన 187వ ప్రతిపాదన ప్రజల యోటుతో నెగ్గెను. ఆ విద్వేషమును వెక్కిరించుచు 1996లో 'సింప్సన్స్' వారు వ్రాసిన కథకు నాయకుడు ఈ అపుయే. ఎలుగుబంటి యొకటి ఊరిలోనికి వచ్చినందుకు పన్ను పెరుగగా, ఆ కోపమును పరదేశీయులపైకి మరల్చిన పురాధ్యక్షుని కుయుక్తిని ఆ కథ చక్కగా బయటపెట్టినది. అటువంటి రచన చేయగలవారిని జాత్యహంకారులని యొక్కమాటతో త్రోసివేయుట మా యుద్దేశము గాదు.

మఱి లోపమెక్కడ? ఆ బొమ్మ ఒంటరి. తొంబదులలో అమెరికా టెలివిజనునందు ప్రతివారము కనబడు భారతీయుడు ఇంచుమించుగా వాడొక్కడే. హోమరు మూర్ఖుడైనంత మాత్రమున తెల్లవారందఱు మూర్ఖులని యెవ్వడును తలపడు. ఏలయన, తెరను ఇటు త్రిప్పిన తెల్లదొర వైద్యుడు, అటు త్రిప్పిన న్యాయవాది. మనవానికి అట్టి తోడు లేదు. అందుచేత ఆ దుకాణదారుడే ఒక జాతికంతకును అచ్చయ్యెను. వెళ్లు గిరాకీదారుతో 'వందనములు, మరల దయచేయుడు' అను వాని యూతపదమును, అదే యాసతో, బడిలో తోటిపిల్లలు మన పిల్లల చెవిలో నూదిరి. పిల్లలాటయని పోనిచ్చెదమన్న, పెద్దలు మాత్రమేమి తక్కువ తినిరి? కొంచెమైన హిందూదేశపు యాస లేనిదే తమ రాష్ట్రములో సెవెన్ ఎలెవెన్ దుకాణములోనికి పోవ వీలులేదని 2006లో నొక సెనేటరు చమత్కరించెను. ఆయన జో బైడెన్; తరువాత 2021 మొదలు 2025 వఱకు అధ్యక్షుడుగా నుండెను. ఆయన మనవారిని మెచ్చుకొనుచునే ఆ మాట యనెను. అచ్చు ఎంత లోతుగా దిగినదో దానిచేతనే తెలియును. మఱుసటియేట, 'సింప్సన్స్' సినిమా విడుదలకై, ఆ సెవెన్ ఎలెవెన్ కంపెనీయే తన దుకాణములలో పండ్రెండింటిని అపు దుకాణముగా అలంకరించి వ్యాపారము చేసికొనెను.

2001 సెప్టెంబరులో, న్యూయార్కు సౌధములు కూలిన నాలుగవనాడు, ఆరిజోనారాష్ట్రములోని మేసా పట్టణమున తన పెట్రోలు బంకు ముందు నిలిచియున్న సిక్కు గృహస్థుని ఒకడు తలపాగా చూచి కాల్చి చంపెను. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రమున ఒలేతాలో, మా దేశము విడిచి పొమ్మని కేకలు వేయుచు నొకడు ఇద్దఱు తెలుగు ఇంజనీరులపై తుపాకి పేల్చగా నొకరు మరణించిరి. హంతకుడు వారిని ఇరానువారనుకొనెను. ఈ ఘాతుకములకు కదలుబొమ్మ కారణమని మేమనము, అట్లనుట అన్యాయమగును. కాని ఎదుటివానిలో మనుష్యుని జూడక వన్నెను, తలపాగాను, యాసను మాత్రమే చూచు కన్ను ఏనాడో ఒకనాడు ఎక్కడనో ఒకచోట అలవాటు పడవలసినదే గదా. ఆ యలవాటునకు నవ్వు మిక్కిలి సులభమైన మార్గము.

ఇంక శ్రీ హరి కొండబోలు సంగతి. న్యూయార్కు నగరములో తెలుగు తల్లిదండ్రులకు జన్మించి, వేదికపై నిలిచి హాస్యప్రసంగములు చేయుట వృత్తిగా గొన్న యితడు 2012లో నొక టెలివిజను ప్రదర్శనములో అపు గొంతునుగూర్చి చురుక్కుమను ప్రసంగము చేసెను. 2017 నవంబరులో 'ది ప్రాబ్లెమ్ విత్ అపు' అను డాక్యుమెంటరీ చిత్రమును వెలువరించెను. అందులో తనవలెనే ఉపఖండపు సంతతికి చెందిన నటులను, హాస్యగాండ్రను వరుసగా కూర్చుండబెట్టి, వారి చిన్ననాటి యనుభవములను చెప్పించెను. నాటకపరీక్షలకు పోయిన ప్రతిచోట, అపువలె మాటలాడుమని తమ్మడిగినవారినిగూర్చి వారు చెప్పిన మాటలు నవ్వు పుట్టించుచునే గుండెను పట్టుకొనును. హరి 'సింప్సన్స్'ను ద్వేషించువాడు గాడు, బాల్యమునుండి దానిని ప్రేమించినవాడు. ఆ పాత్రను చంపుమని యతడు కోరలేదు. అజారియాతో ముఖాముఖి మాటలాడవలెనని మాత్రమే కోరెను. అజారియా యాచిత్రములో కనబడుట కంగీకరింపలేదు.

దీనికి 'సింప్సన్స్' రచయితలిచ్చిన సమాధానము 2018 ఏప్రిల్ 8వ తేదీన తెరపై వచ్చెను. ఏండ్లక్రింద అందఱు మెచ్చుకొన్నది, అప్పుడెవ్వరిని నొప్పింపనిది, ఇప్పుడు తప్పయినది, ఏమి చేయగలము అను నర్థము వచ్చు మాటలను ప్రేక్షకులవైపు తిరిగి చెప్పించి, ప్రక్కన అపు పటమును చూపిరి. అప్పుడెవ్వరిని నొప్పింపలేదని వారికెట్లు తెలిసెను? నొచ్చినవారిని అడిగిన గదా! అంతకంటె మా మనస్సునకు కష్టము కలిగించినది, ఆ మాటలను లీసా నోట బెట్టుట. ఎందుచేతనో చెప్పెదము.

1992లో మాటలాడు బార్బీబొమ్మ యొకటి అమెరికా అంగళ్లకు వచ్చెను. లెక్కల తరగతి కష్టమని యా బొమ్మ పలుకు పలుకులలో నొకటి. ఆడుపిల్లలకు లెక్కలు రావను చెడునమ్మకమును బొమ్మల ద్వారమున పసివారికి ఎక్కించుచున్నారని స్త్రీవిద్యాసంఘమువారు ఆక్షేపింపగా కంపెనీ యా పలుకును తీసివేసెను. 1993లో కొందఱు కొంటెవారు అంగళ్లలో బార్బీలను, యుద్ధవీరుల బొమ్మలను కొని, వీని గొంతుయంత్రములను వానికిని వానివి వీనికిని మార్చి, మరల అంగళ్లలో నుంచి వచ్చిరి. పండుగనాడు పెట్టె విప్పిన పిల్లవాని సిపాయి అంగడికి పోదమని గారాబము పోయెను, బార్బీ పగ తీర్చుకొందునని గర్జించెను. గొంతు ఎవ్వరిదో, నోరు ఎవ్వరిదో లోకమునకు తెలియజెప్పుటకు ఇంతకంటె చక్కని ప్రహసనమును మేమెఱుగము.

ఈ గొడవనంతటిని మనసులో నుంచుకొని 1994 ఫిబ్రవరి 17న 'సింప్సన్స్' వారు ఒక కథ ప్రదర్శించిరి. ఆలోచించిన నుదుట ముడుతలు పడునని పలుకు బొమ్మను లీసా కొనితెచ్చుకొని, నిర్ఘాంతపోయి, కంపెనీపై తిరుగబడి, తెలివైన మాటలు పలుకు వేఱొక బొమ్మను చేయించును. కంపెనీవారు తమ పాతబొమ్మకే కొత్తటోపి తొడిగి అంగడిలో పెట్టగా, పిల్లలందఱు దానిమీద పడుదురు. వ్యాపారపు తెలివిని, సమాజపు మందబుద్ధిని ఒక్క టోపితో చూపిన యా రచన మిక్కిలి శ్లాఘనీయము. అయితే దానికి సరిగా వారము ముందు, ఫిబ్రవరి 10న, ప్రదర్శించిన కథ అపునుగూర్చినది! చెడిన మాంసము నమ్మి కొలువు పోగొట్టుకొని, కొండకొమ్మున కూర్చున్న దుకాణగురువును దర్శించుటకు హిందూదేశమునకు పోయిన కథ. బొమ్మ నోట పెట్టిన మాట ఆడుపిల్లను ఎట్లు గాయపఱచునో వారమునకు లోపుగనే గుర్తింపగలిగినవారు, తమ చేతిబొమ్మ నోట పెట్టిన యాస యింకొకని బిడ్డను గాయపఱచునని ముప్పదియేండ్లు గుర్తింపలేదు. ఆ గుర్తింపనితనమునకు లీసాచేతనే జవాబు చెప్పించిరి.

ఆడువారి విషయములోనైనను ఆ బొమ్మలకథతో వారి పుణ్యము తీరినదని తలపరాదు. 1989 డిసెంబరులో మొట్టమొదట ప్రసారమైన 'సింప్సన్స్' కథను వ్రాసినది మీమీ పాండ్ అను స్త్రీ. కాని ఆమెను రచయితల కూటములోనికి చేర్చుకొనలేదు. అక్కడ ఆడువారు అక్కరలేదని పెద్దలు తలచుటయే కారణమని తరువాత నామెయే చెప్పినది. పురుషులు మాత్రమే నిండిన గదిలోనుండి పుట్టు స్త్రీలు ఎట్లుందురు? 1997లో అపునకు పెండ్లి చేసిరి, వధువు మంజుల. పెద్దలు కుదిర్చిన వివాహము, ఒక్క కాన్పున ఎనమండ్రు బిడ్డలు, విసుగు, మగని తప్పు, మన్నింపు—ఇంతతో నామె చరిత్ర ముగిసెను. ఆమె గొంతును ఎక్కువగ అరువిచ్చినవారు తెల్ల స్త్రీలే. రంగువలన నొకమాఱు, స్త్రీత్వమువలన నొకమాఱు అచ్చున పడినది మంజుల. వివాదములో సయితము ఆమె పేరెత్తినవారు అరుదు. 'ఫ్యామిలీ గై'లో మెగ్ అను పిల్ల యున్నది. అందముగా లేదని తండ్రి మొదలు ఇంటిల్లిపాది ఆమెను తూలనాడుటయే యేండ్లతరబడి హాస్యము. పెద్దల దౌష్ట్యమునే మేము వెక్కిరించుచున్నామని రచయితలు చెప్పవచ్చును. కాని చూచువాడు నవ్వునది తండ్రిని జూచియా, కూతురిని జూచియా యని వారు తమ గుండెమీద చేయివేసికొని చెప్పవలెను.

ఒక యాక్షేపణ యున్నది, అది తేలికగా త్రోసివేయదగినది గాదు. ఈ ప్రహసనములలో వెక్కిరింతకు గురికానివారెవ్వరు? స్కాట్లాండువాడగు తోటమాలి విల్లీని, ఇటలీ దొంగను, పోలీసును, పాదిరిని అందఱిని గలిపి ఉతికినారు గదా. మఱియు బార్టు అను మగపిల్లవానికి గొంతునిచ్చునది నాన్సీ కార్ట్‌రైట్ అను స్త్రీ. అనుకరణమే పాపమైనచో నటన యెక్కడ నిలుచును? నిజమే. అనుకరణము పాపముకాదు. స్త్రీ పిల్లవాని గొంతు పలికినందున పిల్లవాండ్ర యన్నము పోలేదు. స్కాట్లాండువానికి అమెరికా సభలలో, కొలువులలో, తెరమీద చోటు కొఱత లేదు. చోటు లేనివానికి ఉన్న ఒక్క చోటునుకూడ ఇంకొకడు వాని వేషము వేసికొని యాక్రమించినప్పుడే మా యభ్యంతరము.

ఆ దేశములో నీ మర్యాద నిన్నటిది గాదు. పందొమ్మిదవ శతాబ్దములో తెల్లనటులు ముఖమునకు మసి పూసికొని నల్లవారివలె నాడిపాడుట గొప్ప వినోదముగా నుండెను. 1928లో మొదలైన 'ఏమస్ అండ్ ఆండీ' యను రేడియో ప్రహసనములో నల్లవారి గొంతులను అనుకరించినవారు ఇద్దఱు తెల్లవారు. 1951లో దానిని టెలివిజనునకు తెచ్చినప్పుడు నల్లనటులనే నియమించిరి. అయినను వ్రాసిన మాటలు పాతవే, మూసలు పాతవే. నల్లజాతివారి సంఘము తీవ్రముగ నిరసించెను. 1953లో కొత్తకథల నిర్మాణము నిలిచిపోయెను. ఈ పాతసంగతి నిప్పటివారు మఱచినట్లున్నది. 2020 మేలో మినియాపొలిస్ నగరమున జార్జ్ ఫ్లాయిడు పోలీసుచేత మరణించిన పిమ్మట, కదలుబొమ్మల కంపెనీలకు మెలకువ వచ్చి, తెల్లవారు ఇతరజాతులకు గొంతు నియ్యరాదని నిర్ణయములు వెలువడెను. 'సింప్సన్స్'లో కార్లునకు అలెక్స్ డెజర్టును, తరువాత డాక్టరు హిబ్బర్టునకు కెవిన్ మైకేల్ రిచర్డ్‌సన్‌ను నియమించిరి. 'బిగ్ మౌత్'లో మిస్సీ యను బాలిక గొంతును జెన్నీ స్లేట్ విడువగా అయో ఎడెబిరీ చేకొనెను. మేలే. కాని మాటలు వ్రాయు గదిలో చోటు మారక, గొంతు మాత్రమే మారినచో, అది లీసా చూచిన కొత్తటోపియే.

అజారియా విషయమున మాకు గౌరవమే కలదు. 2018లోనే తాను తప్పుకొనుటకు సిద్ధమని చెప్పెను. రచయితల గదిలో భారతీయసంతతివారు ఉండవలెననియు స్పష్టముగ ననెను. 2020 జనవరిలో తప్పుకొనెను. 2021 ఏప్రిల్‌లో క్షమాపణ చెప్పుకొనెను. నవ్వు పుట్టించి బహుమానములందుకొన్న నటుడు, తన కడుపు నింపిన గొంతును తానే మూసికొనుట సామాన్యము గాదు.

మనయింటి సంగతి యెత్తక ఈ వ్యాసమును సాగింపలేము. పీటర్ సెల్లర్స్ ముఖమునకు రంగు పూసికొన్న ఆ 1968లోనే, హిందీలో 'పడోసన్' వచ్చెను. అందు మెహమూద్ దక్షిణదేశపు సంగీతపుపంతులుగా పిలకయు విభూతియు ధరించి పలికిన వింతహిందీకి ఉత్తరదేశము విరగబడి నవ్వెను. దానికి నొచ్చుకొన్న మనము, మన తెలుగు చలనచిత్రములలో చిరకాలము చేసినదేమి? తెలంగాణపు పలుకుబడిని రౌడీలకును, హాస్యగాండ్రకును. శ్రీకాకుళపు పలుకుబడిని పనివారికిని పంచిపెట్టితిమి. నల్లని పిల్ల తెరపైకి వచ్చిన నవ్వవలెనని ప్రేక్షకులకు అలవాటు చేసితిమి. మన తోలుబొమ్మలాటలోని బంగారక్కకు కేతిగాని చేతి దెబ్బలు తప్ప వేఱు బ్రదుకేది? 2017లో 'ఫిదా' నాయిక బాన్సువాడ పలుకు పలుకగా, 2023లో వేణు యెల్దండి తన ప్రాంతపు చావింటి కథను 'బలగం'గా తీయగా, ఆ యాసను విని నవ్విన రాష్ట్రమే కన్నీరు పెట్టెను. యాస మారలేదు, మాటలు వ్రాసినది ఎవ్వరన్నదే మారినది.

ఈ దృష్టితోనే అపు విషయమును చూడవలెను. అతనికి నేటివఱకు కొత్తగొంతు నియ్యలేదు. కొన్నేండ్లుగా గుంపులో నొకడుగా, నోరు మెదపక, కనబడి మాయమగుచున్నాడు. వివాదము సద్దుమణుగవలెనన్న ఇంతకంటె చౌకమార్గము లేదు. కాని ముప్పదియేండ్లు తప్పుగా పలికించినవాని నోరు కుట్టివేయుట న్యాయమని మాకు తోపదు. 2016 జనవరిలోనే ఆ ధారావాహికలో అపు సోదరుని కొడుకు జే యను యువకుడు వచ్చి, నీవు మూసబొమ్మవని అపును మొగముమీదనే ఎదిరించెను. వానికి గొంతునిచ్చినవాడు మన సంతతివాడగు ఉత్కర్ష్ అంబుడ్కర్, హరి చిత్రములోను కనబడిన నటుడు. అనగా మార్గము తెలియక కాదు. ఆ దుకాణమును ఆ యువకునికిచ్చి, వాని మాటలు వ్రాయుటకు అట్టి దుకాణములలో గల్లాపెట్టె వెనుక పెరిగిన పిల్లలను నలుగురిని ఆ గదిలోనికి పిలిచినచో, అమెరికా యింతవఱకు వినని కథలు, నవ్వని నవ్వులు ఎన్నియో బయటికి వచ్చును. వారిలో ఒకరిద్దఱు స్త్రీలైనచో మంజుల కథయు మరల మొదటినుండి వ్రాయబడును.